సాయవ్వ మోదుగాకు

చిన్నవాళ్ల చేతుల్లో పెద్ద జ్ఞానాన్ని ఉంచే దేవునికి స్తోత్రం. ఆయన మహిమ కోసమే ఈ సంగతి రాస్తున్నాను.

1994 జనవరి. బోధన్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో యూనిక్స్ కంప్యూటర్ చూసుకునేవాణ్ణి. చెరకు బండ్లు వచ్చిన వరుస అందులో ఉండేది. తెర మీద పేరు లేనిదే తూకం లేదు. కరెంటు పోయి మిషన్ మళ్లీ లేస్తే ఆ వరుస ఫైలు చెడిపోయేది. అందుకని స్టార్టప్ స్క్రిప్ట్‌లో, అంటే పని మొదలవగానే నడిచే ఆదేశాల్లో, పాత వరుసను చెరిపేయమని నేనే రాశాను.

ఒకరోజు మిషన్ నడుస్తూనే ఉంది, తెర బిగుసుకుపోయింది. దాన్ని కదిలించడానికి ఆపరేటర్ అదే స్క్రిప్ట్‌ను మళ్లీ నడిపాడు. వరుసంతా పోయింది. నందిపేట్ వైపు రైతు గంగారాం అప్పటికి మూడోవాడు. ఎడ్లకు నీళ్లు పెట్టి వచ్చేసరికి మిగతావాళ్లు మళ్లీ పేర్లు రాయించుకున్నారు. ఆయన చివరివాడయ్యాడు.

"నిన్న కొట్టిన చెరుకు సారూ, ఎండిపోతున్నది. పొద్దుగాల జూసిన మొఖం మీ మిషన్‌కు పగటీలికే యాదికుండదా? రేపు ఇంకో బండి తెస్త. గప్పుడు గూడ గిట్లనేనా?"

మిషన్ నిజంగా పడి లేచిందో, స్క్రిప్ట్‌ను ఊరికే నడిపారో ఆ స్క్రిప్ట్‌కు ఎలా తెలియాలి? మనసులో ప్రార్థన చేసుకుంటూ మంచినీళ్లకు వెళ్లాను. యార్డులో నీళ్లు పోసే సాయవ్వ నాకు ముంచి ఇచ్చి, కుండకు మూత పెట్టి, మూత మీద మోదుగాకు, ఆకు మీద చిన్న రాయి ఉంచింది.

"ఆకెందుకవ్వా?"

"ఎడ్లు కుండను తన్ని పడేస్తయి. ఎవడో మెల్లగ లేపి నిలవెడ్తడు, నాకు చెప్పడు. కుండ పడితె ఆకు పడ్తది. ఆకుంటె ముట్టుకోను. లేకుంటె కడిగి నింపుత. ఊకె కడుగుతె నీళ్లు ఏడికెల్లి తేవాలె బిడ్డా?"

సగం నీళ్లు తాగిన గ్లాసు అక్కడే పెట్టి లోపలికి నడిచాను. మిషన్ లేచిన ప్రతిసారీ దాని టెంపరరీ డైరెక్టరీ, అంటే తాత్కాలిక ఫైళ్లుండే చోటు, ఖాళీ అవుతుంది. అందులో ఒక ఖాళీ ఫైలు పెట్టించాను. స్క్రిప్ట్ ముందు దాన్ని వెతుకుతుంది. ఉంటే వరుసను ముట్టుకోదు. లేకపోతే మిషన్ పడి లేచినట్టే. పాత వరుసను చెరిపి, ఆ ఫైలును మళ్లీ పెడుతుంది.

మర్నాడు మధ్యాహ్నం తెర మళ్లీ బిగుసుకుంది. గంగారాం నాలుగోవాడు. ఆపరేటర్ నా వైపు చూశాడు. "నడుపు" అన్నాను. వరుస చెక్కుచెదరలేదు.

"ఇయ్యాల యాదికున్నట్టున్నది" అంటూ గంగారాం బండిని తూకానికి తోలాడు.

సాయవ్వకు చెప్తే నవ్వింది. "గింతదానికి గంత సదువు సదివినవా బిడ్డా?"

ఏళ్ల తరబడి ఎన్నో స్క్రిప్టులు రాశాను. ఏదైనా చెరిపే ఆదేశం రాసేముందు ఆమె కుండ గుర్తొస్తుంది. చదువుతున్న మీరూ నాతో కలిసి అడగండి: తండ్రీ, తుడిచేసే ముందు ఆగి చూసే కళ్లను మాకివ్వు. ఆమేన్.