పైడిబాబు పేర ఒక గుక్క

తాగాడో లేదో తేల్చే మిషను నూకన్న నోటికి పెట్టి ఊదించేది నేనే. నా పేరు జ్ఞానవతి. పోర్ట్‌బ్లెయిర్‌లో తాగుడు మాన్పించే ఒక సెంటర్లో ఆయాని. టీ పెడతాను, రిజిస్టరు రాస్తాను, అబద్ధమాడినవాణ్ణి తిడతాను. ఆఖరి పనికి జీతం లేదు గానీ, అదే బాగా చేస్తానని పేరు.

మా సెంటర్లో మంచాలుండవు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున తొమ్మిదికి రావాలి, మిషన్లోకి ఊదాలి, మాత్రలు మింగాలి, మధ్యాహ్నం దాకా అందరితో కూర్చుని మాట్లాడాలి, ఇంటికి పోవాలి. అలా పన్నెండు వారాలు. చిక్కంతా ఆ ఇంటికి పోవడంలోనే ఉంది. మేము మూడు గంటలు మాట్లాడి పంపిస్తే, మిగతా రోజంతా మళ్లీ ఆ ఇల్లే, ఆ వీధే, ఆ సముద్రమే.

నూకన్న డైరీ ఫార్మ్ అనే పేటలో మాకు రెండిళ్ల అవతల ఉంటాడు. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ పడవ కొనుక్కున్నాడు. నూకన్నకి నలభై మూడేళ్లు. నీటి రంగు చూసి కింద ఏ చేప ఉందో చెప్పగల మనిషి. ఆరేళ్ల కిందట తమ్ముడు పైడిబాబుతో వేటకెళ్లి ఒక్కడే తిరిగొచ్చాడు. అల కొట్టిందన్నాడు. శవం దొరకలేదు. అంతకు ముందు అప్పుడప్పుడూ తాగేవాడు, ఆ తరవాత అదే పనైపోయింది. లివరు పాడైంది. ఇంకోసారి మొదలుపెడితే ఇక బతకవని డాక్టరు మొహం మీదే చెప్పారు. అప్పుడు పెళ్లాం గురువమ్మ అతని చెయ్యి పట్టుకుని తెచ్చి మా ముందు కూర్చోబెట్టింది.

నాలుగో వారంలో ఓ రోజు టీ ఇస్తుంటే మెల్లగా అన్నాడు.

"దీదీ, ఆడొత్తన్నాడు."

"ఎవడు?"

"పైడిబాబు. తాగినన్నాళ్లూ ఒక్కపాలి కూడా రానేదు. మానినకాడ్నించి రోజూ ఒత్తన్నాడు. బస్సులో నా పక్క సీట్లో కూకుంటాడు. బట్టలన్నీ తడిసుంటాయి. సచ్ బోల్తున్నాను దీదీ, నిజంగా."

"టికెట్టు తీసుకుంటున్నాడా మరి?" అన్నాను నవ్వుతూ. అతను నవ్వలేదు. నా నోరు పడిపోను, ఎందుకన్నానా అని ఇప్పటికీ బాధే.

మా కౌన్సిలర్ టీనా మేడం చిన్నపిల్ల, మంచిపిల్ల. "తాగుడు మానినవాళ్లకి కొందరికి ఇలా అవుతుంది. ఠీక్ హో జాయేగా భయ్యా, అదే తగ్గిపోతుంది," అంది. డాక్టరుతో చెప్పి మాత్ర మార్పించింది. తగ్గలేదు. తమ్ముడు ఏమంటాడని అడిగితే, "ఏదో అడుగుతాడు," అని ఊరుకునేవాడు. అబద్ధాలు పట్టడంలో నాకు అనుభవముంది. ఇది అబద్ధం కాదు, గొంతులో ఆగిపోయిన మాట.

దాచడం దేనికి, ఒక శుక్రవారం నేనూ అతని వెంట బస్సెక్కాను. బస్సు కిక్కిరిసి ఉంది. నూకన్న పక్క సీటు ఒక్కటే ఖాళీ. అంతమంది నిలబడ్డారు, ఒక్కరూ అందులో కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు. ప్రభువును తలుచుకుంటూ డైరీ ఫార్మ్ దాకా రాడ్డు పట్టుకునే నిలబడ్డాను.

తొమ్మిదో వారంలో పైడిబాబు పోయిన రోజు వచ్చింది. వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. పోయినవాడి పేర ఆకు వేసి, అన్నం, చేపల పులుసు, ఒక గ్లాసుడు రమ్ము పెడతారు. ఇంటికి పెద్దవాడు ఆ గ్లాసెత్తి మొదటి గుక్క తాగాలి. అతను తాగితేనే పోయినవాడికి అందుతుందట. అప్పటిదాకా ఎవరూ ముద్ద ముట్టరు. ఏటా తాగింది నూకన్నే.

ముందు రోజు గురువమ్మ మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. "అత్త ఒప్పుకోదు దీదీ. గుక్కే కదా అంటంది. క్యా కరూఁ? ఏటి సెయ్యను?"

గుక్కే కదా! ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కోపంలో నాకో తెలివి పుట్టింది. పాలూ చక్కెరా లేకుండా టీ చిక్కగా కాచి, రమ్ము రంగు వచ్చాక సీసాలో పోసి ఇచ్చాను. బతికున్నవాళ్లకు చెప్పే అబద్ధాల మీద అంతలా అరిచేదాన్ని, చచ్చిపోయినవాణ్ణి మోసం చేయడానికి రెడీ అయిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం వెళ్లాను. మా పాస్టరుగారికి తెలిస్తే ఆదివారం ప్రసంగమంతా నా మీదే. చుట్టాలు గోడవార కూర్చున్నారు. నూకన్న స్నానం చేసి ఆకు ముందు కూర్చుని గ్లాసెత్తాడు. పక్కనే వాళ్లమ్మ ఎరుకమ్మ. డెబ్బై దాటిన మనిషి, చూపు తగ్గింది గానీ ముక్కు బాగానే పనిచేస్తుంది. గ్లాసు లాక్కుని వాసన చూసింది.

"టీయా? నా బిడ్డకి టీ నీళ్లు పోత్తారా? ఏడాదికో గుక్క తాగేటోడికా?"

భూమిలోకి కుంగిపోయాననుకోండి. ఆమె ఆ టీని గుమ్మం బయట పారబోసి, తన ట్రంకు పెట్టెలోంచి సీసా తీసి, గ్లాసు నిండా వంచి కొడుకు చేతిలో పెట్టింది. గదంతా రమ్ము వాసన. నూకన్న కళ్లు గ్లాసు మీద నుంచి కదల్లేదు. ఆ చూపు నేను సెంటర్లో ఎప్పుడూ చూసేదే. అది భయం కాదు, తొమ్మిది వారాల ఆకలి. గ్లాసు పెదవి దాకా వెళ్లింది. నేను లేచి రెండడుగులు ముందుకేశాను.

అతను గుమ్మం వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. చాలాసేపు చూసి, గ్లాసు కింద పెట్టేశాడు.

"ఆడు రమ్ము అడగతం నేదమ్మా. తాడు అడుగుతున్నాడు."

"ఏ తాడు?"

"వల ఇంజను ఫ్యానుకి సుట్టుకుంది. ఇప్పుదామని ఆడు నీళ్లలోకి దిగాడు. నాను తాగి పడవలో తొంగున్నాను. అన్నా, తాడియ్యి, తాడియ్యి అని అరిసాడు. ఇనపడిందమ్మా. కలనుకున్నాను. లెగిసేసరికి నీళ్లు తప్ప ఏటీ నేదు. అల కాదమ్మా, నానే."

గురువమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎరుకమ్మ అతన్ని కొడుతుందనుకున్నాను, గుండెలు బాదుకుంటుందనుకున్నాను. ఆమె ఆకులో అన్నం వైపే చూస్తూ కూర్చుంది.

"నాకు తెల్దనుకున్నావేట్రా?" అంది చివరికి. "ఆ దినం ఒడ్డుకొచ్చి నా ఒళ్లో పడి ఏడిసావు. నీ నోటి కంపుకే తెలిసిపోనాది."

"మరి అడగనేదేటమ్మా?"

"అడిగితే సెప్పేత్తావని. సెప్పేత్తే నాకు మిగిలిన కొడుకు కూడా ఉండడని. అందుకే సీసా అయిపోతే నానే తెచ్చి నీ ముందర పెట్టాను, ఆరేళ్లూ. తాగి పడున్నోడు నోరిప్పడు కదా." ఆమె ఆకు అంచు సరిచేసింది. "ఇప్పుడు సెప్పీసావు. ఇంక నిన్నేటనుకోవాల్రా నాను?"

నూకన్న గ్లాసు ముట్టలేదు. ఆరేళ్లలో మొదటిసారి, తమ్ముడు పోయిన రోజున తాగకుండా తల్లి ముందు కూర్చుని, ఆ మాట పూర్తిగా విన్నాడు.