చిక్కటి గాలిలో యశోద

ఆరీఫాకు గుండె లేదని నేను ఆ వారమంతా తిట్టుకున్నా. మొహం మీదే తిట్టినా కూడా. పామిడిలో మేమిద్దరం ఒకే షెడ్డులో నైటీలు కుడతాం, పక్కపక్క మిషన్లు. తిట్టేకి దూరం పోవాల్సిన పని లేదు.

ఆదివారం మధ్యాన్నం పని ఉండదు. అప్పుడు ఆరీఫా మాతో ఒక ఆట ఆడిస్తాది. ఫోన్లో యాడనో చూసి, తన బుర్రతో మళ్ళీ అల్లుకున్నాది. మేమంతా వేరే గ్రహాల మీద తిరిగే సిపాయిలం. ఏం జరిగిందో ఆమె చెప్తాది, ఏం చేస్తామో మేం చెప్తాం, అయ్యేదీ కానిదీ పాచిక తేలుస్తాది. నవ్వుకోండప్పా, మాకేం! వారమంతా గొంతుపట్టీలు కుట్టేవాళ్ళం ఒక పూటన్నా ఆకాశంలో ఉండొద్దా?

మా షెడ్డులో ఇస్త్రీ చేసే కుళ్ళాయప్పన్న తన సిపాయికి యశోద అని పేరు పెట్టుకున్నాడు. ఆయన పెండ్లాం పేరు అది. పోయినేడు ఆయన సజ్జచేన్లో పిట్టలు తోలతాంటే, ఇంటికాడ ఆమెకు గుండె ఆగిపోయింది. వచ్చి చూసేసరికి అంతా అయిపోయినాది. ఆటలో మాత్రం యశోద గోడలు దూకుతాది, ఎవరినైనా ఎదిరిస్తాది. "మా యశోద ఊరుకుంటాదా?" అని పాచిక వేసేటప్పుడు ఆయన మొహం చూడాల. చూస్తే నా కడుపు నిండేది.

ఆ ఆదివారం ఆటలో నా సిపాయి సరళ బయల్లో దెబ్బతిని పడిపోయినాది. దానికి నా పేరే పెట్టుకున్నా. గుట్ట మీద శత్రువు, చేతిలో ఇనుప గుండ్లు పేల్చే తుపాకీ. ఆ గ్రహంలో గాలి మన గాలికన్నా రెండింతలు చిక్కన.

"ఆ గాలిలో గుండు ఈడికి రాదు పాపా. మా యశోద పోయి సరళను ఎత్తుకొస్తాది," అన్నాడు కుళ్ళాయప్పన్న.

చెప్పిన మాట వెనక్కి తీసుకునేది లేదు, అది ఆట నియమం. గుండు చేరుతాదో లేదో వచ్చే ఆదివారం తేలుస్తానని ఆరీఫా ఆట ఆపేసినాది.

"చేరదని చెప్పు మే, నీ సొమ్మేం పోతాది?" అన్నా నేను ఆరీఫాతో మరుసటి రోజు. "ఆయప్ప పెండ్లాన్ని రెండోసారి పోగొట్టుకోవాల్నా?"

"జాలిపడి బతికిస్తే ఆయనకు తెలిసిపోతాదక్కా," అన్నాది మిషన్ ఆపకుండా. "ఇంక ఆ యశోదను ఆయన నమ్మడు."

ఆదివారం ఆరీఫా మమ్మల్ని పెన్న ఏట్లోకి తీసుకపోయింది. నీళ్ళు యాడివి, అంతా ఇసకే. కుళ్ళాయప్పన్న పిట్టలు తోలే వడిసెల తెచ్చినాడు. తాడు మధ్యలో మట్టి ఉండ పెట్టి, గిరగిర తిప్పి వదిలినాడు. రాయి పెడితే పక్క చేన్లో ఎవరికన్నా తగులుతాదని ఆయన ఎప్పుడూ మట్టి ఉండలే విసురుతాడు. ఆయనకు తెలిసిన దూరమంతా ఆ ఉండల దూరమే. ఆరీఫా అదే సైజు ఇనుప గుండు చేతికిచ్చినాది. అది మట్టి ఉండను దాటుకొని యాడికో పోయి పడింది. పాపం, కుళ్ళాయప్పన్న మొహం మాడిపోయింది.

"బరువైంది గాలిని చీల్చుకొని పోతాదన్నా," అన్నాది ఆరీఫా. "చిక్కటి గాలిలో ఆ దూరం సగమైతాది. సగమైనా యశోద దాకా చేరుతాది. కానీ చేరే దూరం వేరు, చంపే దూరం వేరు. పోయేకొద్దీ గాలి దాని జోరు తినేస్తాది."

నా చెవికి చేరుతాదన్న మాట ఒక్కటే ఎక్కింది. ఆమెను తిట్టుకుంటానే షెడ్డుకు వచ్చినా.

శత్రువు తరఫున పాచిక ఆరీఫానే వేసినాది, అందరం చూస్తాండంగానే. ఆరు పడింది.

"తగిలింది," అన్నాది. పాచిక తీసి కుళ్ళాయప్పన్న చేతిలో పెట్టినాది. నాకు ఏడుపొచ్చేసింది.

"ప్రాణం?" అని మాత్రం అడిగినాడు కుళ్ళాయప్పన్న.

"చంపే దూరం దాటినాకే తగిలిందన్నా. ప్రాణానికి ఏం కాలేదు. కానీ కుడి భుజం ఎముక నుగ్గయింది. ఆ చెయ్యి ఇంక లేవదు. తన అన్నం తాను కలుపుకోలేదు."

ఆ చెయ్యన్నా వదిలిపెట్టొచ్చు గదా రాక్షసి! దాని లెక్క దానిదే.

కుళ్ళాయప్పన్న పాచికను పిడికిట్లో పట్టుకొని కూర్చున్నాడు. కండ్లనిండా నీళ్ళు, అయినా నవ్వుతాండాడు.

"చెయ్యి పోతే పోనీ పాపా," అన్నాడు. "ఈసారి నేను ఈడే ఉండా. నేను తినిపిస్తా."