షకీలా రోజా విడిచిన రోజు

కడపలో రంజాన్ నెల సాయంత్రం ఉపవాసం విడిచే సైరన్ మోగగానే వీధి చివరి బండి నుంచి సమోసాల వాసన మా ల్యాబ్ దాకా వస్తుంది. అది తగిలితే చాలు, వసుంధర మేడమ్ గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. ఆమె కర్నూలులో స్త్రీల వైద్యురాలు, నా గురువు. మనిషి పొట్టి, గొంతు మాత్రం వార్డంతా వినిపించేది. నవ్వించకుండా సూది కూడా వేసేవారు కాదు. పొట్ట దగ్గరి కొవ్వులోంచి మూలకణాలు తీసి, దెబ్బతిన్న గర్భసంచికి చికిత్స చేసే పరిశోధన, అన్ని అనుమతులూ తీసుకుని మొదలుపెట్టారు. అప్పుడు ఆ కర్నూలు ల్యాబ్‌లో ఆ కణాలను పెంచే పని నాది.

కమలాపురం నుంచి షకీలా వచ్చింది. గర్భం పోయి, లోపల శుభ్రం చేయించుకున్నాక గర్భసంచి గోడలు అతుక్కుపోయి, ఆమెకు నెలసరి పూర్తిగా ఆగిపోయింది.

"మా ఆడబిడ్డలు రంజాన్‌లో నెలసరి వస్తే ఆ రోజులు రోజా ఉపాసం ఇడుస్తారు మేడం. నేను నెలంతా ఉపాసముంటా. అందరూ పుణ్యమంటారు. నాకేమో ఏడుపొస్తాది," అంది.

తప్పకుండా బాగవుతుందని చెప్పడానికి నేను నోరు తెరిచేలోగా మేడమ్ అడ్డుపడ్డారు. "మాటియ్యొద్దు పాపా. ఇది ఇంకా పరీక్షే. పని చెయ్యకపోవచ్చు గూడా." ఆ మాటే షకీలాకూ నెమ్మదిగా విప్పి చెప్పారు. షకీలా అంతా విని, "తెలిసే ఒప్పుకుంటాండా మేడం," అంది.

తీసిన కొవ్వును కడిగి, కణాలు వేరుచేసి ల్యాబ్‌లోని చిన్న పెంపకపు పళ్లెంలో ఉంచాను. మొదట గుండ్రంగా తేలిన కణాలు తర్వాత అడుగుకు అతుక్కుని పొడవుగా సాగాయి. నేను కేకేశాను. మేడమ్ పరుగున వచ్చి చూసి, పరీక్షకు వచ్చి బయట కూర్చున్న షకీలాను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు. రోగికి మైక్రోస్కోపు చూపించిన డాక్టర్‌ను నేను అంతకుముందు ఎరగను.

"ఇవి నావేనా మేడం? చేపపిల్లల మాదిరి ఉండాయి!"

"నీ పొట్ట కొవ్వులోవే తల్లీ. ఇన్నాళ్లూ ఊరికే కూచోనుండాయి. ఇప్పుడు పని చెప్తాండాం!"

అతుకులు విడదీసి, ఆ కణాలను గర్భసంచిలో ఉంచారు. తర్వాత ఎదురుచూపులే. షకీలా ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట: "ఏం లేదు మేడం." అలాగే రంజాన్ వచ్చింది. ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో మళ్లీ ఫోన్ మోగితే, మేడమ్‌కూ వినపడేలా స్పీకర్ పెట్టాను.

"మేడం, నా రోజా పోయింది! ఇప్పుడే నీళ్లు తాగినా!" ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

మేడమ్ కుర్చీలోంచి ఎగిరి లేచారు. "మళ్లీ చెప్పు తల్లీ, ఇంకోసారి చెప్పు!" అంటూ నా భుజాలు పట్టి ఊపేశారు. వెంటనే సమోసాలు తెప్పించి, మా నర్సు రోజాలో ఉందని సైరన్ మోగేదాకా ఎవరినీ ముట్టనివ్వలేదు. తింటూ అన్నారు: "ఒకరికి నెలసరి వచ్చిందని అందరికీ వస్తాదని కాదు. బిడ్డ సంగతి ఇంకా శానా దూరం. ఈ పొద్దు మాత్రం ఎగురుదాం!"

మేడమ్ ఇప్పుడు లేరు. పరిశోధన ఇక్కడ కడపలో ఇంకా సాగుతూనే ఉంది. ఈ రోజు డోన్ నుంచి వచ్చిన ఒకామెను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, "ఇవి నీవేనమ్మా, చూడు," అన్నాను. మాట మాత్రం ఇవ్వలేదు. కానీ ల్యాబ్‌లో ఫోన్ మోగితే ఇప్పటికీ నేను కుర్చీలోంచి సగం లేచే ఎత్తుతాను.