పనసచెట్టు మీద మా ఆవిడ గొంతు

మా ఊరికి సెల్ టవర్ తెస్తానని ఒక పెద్దమనిషి ఏనాడో మాటిచ్చాడు. తేలేదు. అందుకే సిగ్నల్ కోసం మేమంతా ఫోన్లు సంచుల్లో పెట్టి మలుపు దగ్గరి పనసచెట్టుకు వేలాడదీస్తాం. ఈ రోజు ఒక పుస్తకం దించుకుందామని నాదీ తగిలించి, ఇంటికొచ్చి మరిచిపోయాను. వాన మొదలైంది. పోయిన మా ఆవిడ గొంతు ఆ ఫోన్లో తప్ప ఇంకెక్కడా లేదు. పరిగెత్తాను. చెట్టుకు సంచి లేదు.

కాఫీ తోట నుంచి వస్తున్న మా ఊరి పిల్ల సోంబారి అడ్డాకుల పొట్లం చూపించింది.

"ఆ పరుగేటి తాతా, పడిపోగలవు! నీ ఫోను తడవకుండా సుట్టినాను. లోపల ఎవరో ఆడమనిషి, మాత్రేసుకోమని ఒకటే తిడతంది!"

మా ఆవిడ తన గొంతుతో పెట్టిన అలారం అది. వానలోనే నిలబడి తిట్లన్నీ విన్నాను. హమ్మయ్య!

మీ ఊళ్లో ఫోన్లు ఏ చెట్టుకు కాస్తాయో చెప్పండి. ఆ టవర్ పెద్దమనిషి మా ఆవిడ తమ్ముడే. ఆవిడ వచ్చి అడిగినా ఆ సన్యాసిరావుని నేను క్షమించను.