తిప్పుడు బాబాయ్

బాబాయి చేతులు కుదురుగా ఉండవు. తిరిగే వస్తువు కంటపడితే తిప్పాల్సిందే. ఫ్యాన్ రెగ్యులేటరు, కుళాయి, సీసా మూత, ఎదురుగా నిలబడ్డవాడి చొక్కా గుండీ, ఏదైనా ఫరవాలేదు. "కుదురుగా కూర్చోరా" అన్న మాట పుట్టినప్పటినుంచీ వింటున్నాడు, చెవికెక్కలేదు. అలాంటి మనిషికి చర్చిలో మైకుల శబ్దం పెంచి తగ్గించే సౌండు మిక్సరు అప్పగించారు. దాని నిండా తిప్పేవే.

డ్రమ్సుతో పాడే కుర్రకారు జట్టు ప్రెయిజ్ టీమ్‌లో ముందు నిలబడి పాడే అమ్మడు ఆయనకు స్వయానా అన్న కూతురు. ప్రతి ఆదివారం ఆమెకు ఒళ్ళు మండేది.

"బాబాయ్, నా మైకు తగ్గించావు కదూ?"

"నేనా? పాత మిక్సరమ్మా. దానంతటదే తగ్గుతుంది."

"మా డ్రమ్సు నీకు గిట్టవు. నువ్వు క్వాయర్ మనిషివి!"

పాత కీర్తనలు పాడే పెద్దల జట్టు క్వాయర్. దాన్ని నడిపించే అమ్మడి మేనత్త గోల ఇంకోరకం. "ఒరేయ్, మా పాట నొక్కేసి ఆ కుర్రకారుని పైకి లేపుతున్నావు. తోడబుట్టినదాన్నిరా!"

"పాత మిక్సరక్కా."

ఎవరు ముందు పాడాలన్న దగ్గర్నుంచి డ్రమ్సు ఎక్కడ పెట్టాలన్నదాకా అత్తకీ అమ్మడికీ ఎందులోనూ పడేది కాదు. వార్షికోత్సవానికి రెండు జట్లూ కలిసి ఒకే పాట పాడాలని పాస్టరుగారు పట్టుబట్టాక, ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ ఏకమయ్యారు. ఆ రోజు బాబాయి మిక్సరు ముట్టుకోకూడదు. పల్లవిలో పై స్వరం అమ్మడిది. అది చర్చంతా వినాలని ఆమె ఆశ.

ఆ ఉదయం మిక్సరు ఒకసారి సర్ది వదిలేశారు. బాబాయిని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆయన తన గుండీనే పట్టుకుని తిప్పుకోసాగాడు.

మొదటి చరణం అత్త అందరికంటే ముందే ఎత్తుకుంది. ఆ ఒక్క గొంతే చర్చంతా మోగింది. అమ్మడికి నవ్వొచ్చింది, కానీ ఎంతోసేపు నిలవలేదు. పల్లవిలో పై స్వరం అందుకోబోయి ఆమె గొంతు కీచుమంది. అదీ చర్చంతా మోగింది.

అప్పుడు అర్థమైంది అమ్మడికి. ఇన్నాళ్ళూ ఆమె గొంతు తప్పే చోట బాబాయి ఆమె మైకు తగ్గించి, డ్రమ్సు పెంచి కప్పేవాడు. అత్త తొందరపడే చోట ఆవిడ మైకు తగ్గించి, క్వాయర్‌లో మిగతా గొంతులు పెంచేవాడు. అమ్మడికి సిగ్గుతోపాటు ఆయన మీద ప్రేమ ముంచుకొచ్చింది. ఇంకా రెండు చరణాలున్నాయి. ఆమె గాభరాగా ఆయన వైపు చూసింది. గుండీ ఊడి ఆయన చేతిలోకి వచ్చింది.

మైకు చేతిలో ఉందన్న సంగతే మరిచిపోయి అత్త అరిచింది. "ఒరేయ్! కుదురుగా కూర్చున్నావేంట్రా? లే!"

బాబాయి పరుగెత్తాడు. పాట బ్రహ్మాండంగా ముగిసింది.

"నా మైకు తగ్గించావు కదూ?" అంది అమ్మడు బయటికొచ్చాక.

"పాత మిక్సరమ్మా."

"వచ్చే వారం కూడా తగ్గుతుందా, బాబాయ్?"

"తగ్గకేం చేస్తుంది?" అన్నాడాయన, పాస్టరుగారి చొక్కా గుండీ తిప్పుతూ.