అక్క వెనక సీటు

మా బుల్లెట్ల క్లబ్బుకి ఒక నియమం ఉంది. ఏటా చలికాలంలో ర్యాలీకి వెళ్ళి డేరాలు వేసుకునే చోట, ఎవరి బండిని వాళ్ళే సెంటర్ స్టాండు మీదకి ఎక్కించాలి. పిలిస్తే తప్ప పక్కవాళ్ళు చెయ్యి వెయ్యకూడదు. ఈ నియమం పెట్టిన మా క్లబ్బు పెద్దాయనతో నేను చాలాసార్లు గొడవపడ్డాను. బండి నడపడానికి వచ్చామా, బస్తాలెత్తడానికి వచ్చామా అని నా వాదన. ఆయన నవ్వి ఊరుకునేవారు.

కిందటేడు ర్యాలీకి మా అక్క వచ్చింది. తాడేపల్లిగూడెంలో టీచరు. యాభై దాటాక బుల్లెట్ నేర్చుకుంది. నేర్పింది నేనే కాబట్టి చెబుతున్నాను, అంత మొండి శిష్యురాలు పగవాడికి కూడా దొరకకూడదు. ఆదివారం చర్చి నుంచి ఇంటికెళ్ళి, చీర మార్చుకుని, మార్కెట్ యార్డు వెనక ఖాళీ స్థలానికి వచ్చేసేది. బండి ఆగిపోతే నన్ను తిట్టేది గానీ బండిని ఒక్క మాట అనేది కాదు.

నడపడం వచ్చింది గానీ ఆవిడ కోరిక మాత్రం తీరలేదు. బావగారు ఆవిడ వెనక ఎక్కలేదు. ఆయనకి సైకిలు తప్ప ఇంకేదీ రాదు. అయినా అక్క రమ్మన్నప్పుడల్లా "పడేస్తావు, నా వల్ల కాదు" అనేవారు.

"ఎవరు మెచ్చుకుంటే నాకెందుకురా. మీ బావగారు ఒక్కసారి నా వెనక కూర్చుంటే చాలు" అంది నాతో.

ర్యాలీకి కూడా ఆయన సంచీ ఒళ్ళో పెట్టుకుని నా వెనకే ఎక్కారు. అక్క తన బండి తను స్టార్టు చేసుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

గణపవరం, ఆకివీడు దాటి కలిదిండి వైపు వెళ్ళాం. తెలిసినాయన ఒకరు తన చేపల చెరువుల పక్కన ఖాళీ చేలో డేరాలు వేసుకోమన్నారు. గట్టు మీద చేపల వ్యానుకి దారివ్వడానికి ఆగిపోయి, అక్క అందరికన్నా వెనక వచ్చింది. అప్పటికే బళ్ళన్నీ వరసగా పెట్టేశాం. చివర మిగిలిన చోటే ఆవిడకి దక్కింది.

కొల్లేరు నేల సంగతి మా గూడెం వాళ్ళకి ఎన్నిసార్లు చూసినా తలకెక్కదు. పైన పెచ్చుకట్టి గట్టిగా కనిపిస్తుంది. కింద బురద అలాగే ఉంటుంది. అక్క కాలితో స్టాండుని తొక్కిపట్టి వెనక్కి లాగింది. బండి చక్కగా లేచింది. అందరం చప్పట్లు కొట్టాం. అంతలోనే స్టాండు ఒక కాలు నేలలోకి దిగిపోయింది. బండి అవతలి పక్కకి ఒరిగి పడిపోయింది.

నేను పరుగెత్తబోయాను.

"అక్కడే ఆగరా!" అని అరిచింది.

"రమ్మంటారా అమ్మా?" అన్నారు పెద్దాయన.

"వద్దండీ. నేను చూసుకుంటాను."

లేచాక బండి మళ్ళీ ఇటు పడిపోకుండా ముందు సైడ్ స్టాండు దించిపెట్టింది. చుట్టూ తిరిగొచ్చి, బండికి వీపు ఆనించి, కూర్చున్నట్టు వంగి, వెనక్కి నెట్టింది. మొదటిసారి కాలు జారింది. రెండోసారి పంటి బిగువున అంగుళం అంగుళం నెడుతూ లేపేసింది. మోకాళ్ళ దాకా బురద. ఊపిరి తీసుకుని, బండిని లారీలు తిరిగిన గట్టి దారి దాకా ఒక్కతే నడిపించుకెళ్ళి స్టాండు మీద నిలబెట్టింది. పెద్దాయన దగ్గరికెళ్ళి నమస్కారం పెట్టారు. మా అక్క అని చెప్పుకోవడానికి నాకు ఆ క్షణంలో ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

సాయంత్రం కొరమీను పులుసు ఘుమఘుమలాడుతున్నా అక్క సరిగ్గా తినలేదు.

"అయిపోయిందిరా. ఆయన కళ్ళముందే పడేశాను. ఇంక జన్మలో ఎక్కరు" అంది.

బావగారు అవతల డేరా ముందు కూర్చుని ఆవిడ బూట్లకి పట్టిన బురద పుల్లతో గీకుతున్నారు.

పొద్దున్న డేరాలు విప్పి బయల్దేరే వేళ నేను బండి స్టార్టు చేసి బావగారి కోసం చూశాను. ఆయన నన్ను దాటుకుని వెళ్ళి అక్క బండి దగ్గర నిలబడ్డారు. హెల్మెట్ తగిలించుకుంటున్నారు.

"ఎక్కడికండీ?" అంది అక్క.

"ఇంటికేగా. కాస్త ముందుకి జరుగు."

"నిన్న పడిపోవడం చూశారుగా."

"చూశాను. లేపడం కూడా చూశాను" అన్నారాయన, కాలు అటు వేసి కూర్చుంటూ.

అక్క వెంటనే బండి కదిలించలేదు. చేతి తొడుగు తీసి కళ్ళు తుడుచుకుని, మళ్ళీ తొడుక్కుంది. నాకూ కళ్ళు చెమర్చాయి.

వచ్చేటప్పుడు మమ్మల్ని అందుకోవడానికి హడావిడి పడిన మనిషి, తిరుగు దారిలో గణపవరం దాకా ముప్పై దాటలేదు. వెనక మేమందరం పెళ్ళి ఊరేగింపులా నడిచాం. నాకసలే ఓపిక తక్కువ, అయినా ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు. దారి తొందరగా అయిపోతుందని ఆవిడ భయం.