ఏడు పోగుల వాన

ఈ యేడు మా బడిలో సైన్సు టీచరమ్మ మూడు జట్లు మొదలుపెట్టారు. ఆమె మద్రాసులో చదువుకుని కడపకు కొత్తగా వచ్చారు. పాఠాల్లో ఉన్నది బట్టీపట్టి ఊరుకుంటే సైన్సు రాదని, ఏదో ఒకటి చేతులతో చేసి చూడాలని ఆమె పట్టు. ఒక జట్టు సబ్బులూ అద్దకం రంగులూ తయారుచేస్తుంది. ఇంకొకటి బ్యాటరీలతో గంట మోగించే యంత్రాలు చేస్తుంది. మూడో జట్టుకు పని ఉదయం ఎనిమిదింటికి. బడి వెనక పాతిన రాగి పాత్రలో ఎంత వాన పడిందో గాజు గొట్టంతో కొలిచి, గోడకు తగిలించిన పట్టికలో రాయాలి. ఒక్కొక్కరు ఒక్క జట్టులోనే చేరాలి. ఇంట్లో అడిగి సోమవారం చెప్పమన్నారు.

ఆ రెండు రోజులూ నాకు కాలు నిలవలేదు. నీళ్లకు పోయి బిందె మరిచి తిరిగి వచ్చాను. డైరీలో ఒక జట్టు పేరు రాయడం, కొట్టేయడం, మళ్లీ అదే రాయడం.

గంటల జట్టు మీద ఆశ లేకపోలేదు. కానీ ఏడాది చివర పెద్దలందరినీ పిలిచి, ఎవరి యంత్రం సంగతి వారే నిలబడి చెప్పాలట. తరగతిలో హాజరు పలకడమే కష్టమైన నాకు అది అయ్యే పని కాదు. రంగుల జట్టు మాకు పనికొచ్చేదే. "నేతవారి పిల్లవు, నీకు అదే బాగుంటుంది" అని టీచరమ్మ కూడా అన్నారు. పొద్దున లేస్తే ఇంట్లో నూలు, గంజి, రంగే. బడిలోనూ అదేనా అనిపించింది. బడి బీరువాలో మేఘాల బొమ్మలున్న పుస్తకం ఒకటి ఉంది. దాన్ని ఎవరూ చూడకుండా ఎన్నిసార్లు చదివానో. వాన జట్టులో ఎవరితో మాట్లాడే పని లేదు. చూడాలి, రాయాలి. అంతే.

ఆదివారం మా నాయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేస్తూంటే పక్కన నిలబడి చెప్పాను. ముందు మా అవ్వ అందుకుంది.

"సబ్బుల జట్టులో చేరు మ్మే. యుద్ధమొచ్చినప్పటి నుంచి సబ్బు యాడ దొరుకుతాండాది?"

"రంగులు గూడ నేర్పిస్తారంట గదా. మన ఎరుపు రెండు ఉతుకులకే పోతాందని శానామంది తిడతాండారు" అన్నాడు నాయన.

"నాకు వాన జట్టు..." అన్నాను.

నాయన చెయ్యి ఆగింది. "వానా? వాన యెప్పుడొచ్చేదీ చెప్తారా ఆడ?"

"కాదు నాయనా, పడినాక కొలిచేది..."

అప్పటికే మగ్గం మళ్లీ కదిలింది. నా మాట ఆ చప్పుడులో కలిసిపోయింది. "మంచిదే. మనకు కావలసింది అదే గదా. చేరు" అన్నాడు.

ఎందుకు కావాలో మా వీధిలో పుట్టినవారికి చెప్పనక్కర లేదు. నెయ్యబోయే పడుగును, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులను, తెల్లవారుజామున వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వి, ఎండకు ఆరబెడతాం. ఒకరి పడుగుకు వీధంతా చెయ్యి వేస్తుంది. గంజి తడి మీద వాన పడితే పోగులు ఒకదానికొకటి అంటుకుని, పడుగు మొత్తం తాడులా అయిపోతుంది. ఈ యుద్ధం రోజుల్లో నూలు దొరకడమే గగనం. అందుకే పడుగు పరిచే రోజు ఇంట్లో ఆడపిల్ల చెయ్యి తప్పనిసరి. ఆ పని మధ్యలో ఎనిమిదింటికి నన్ను బడికి పంపడానికి నాయన ఒప్పుకున్నాడంటే, నేను వాన కబురు తెస్తాననే.

పడిన వానను కొలవడమే తప్ప పడబోయేది మాకు తెలియదని మర్నాడు అవ్వకు విడమరచి చెప్పాను. ఆమె గొంతు తగ్గించి, "ఇంట్లో చెప్పొద్దన్నారేమో మీ టీచరమ్మ. సరేలే, నాకు ఒక్కదానికే చెప్పు" అంది.

చేరాక ఏమైంది? వానలు వెనకపట్టాయి. పాత్ర ఎండిపోయి ఉండేది. రోజూ సున్నా రాశాను. కొన్నిసార్లు పాత్ర మీది గరాటు తీస్తే లోపల ఒక చీమ. పక్క గదిలోంచి గంటల జట్టు యంత్రం ట్రింగుమని మోగేది. వెనకనే నవ్వులు. "ఏమే, ఈ పొద్దు ఎన్ని సున్నాలు?" అని ఆ జట్టు పిల్లలు కిటికీలోంచి అడిగేవారు. దసరా సెలవుల దాకా జట్టు మారవచ్చని టీచరమ్మ అన్నారు. ఆ మాట నన్ను ఇంకా ఊగిసలాటలో పెట్టింది. మారదామా? అక్కడ నిలబడి మాట్లాడాలి. ఇక్కడే ఉందామా? నేను ముందే చెప్పలేని వానకోసం ఇంట్లో అందరూ నా ముఖం చూస్తున్నారు.

సెలవులు దగ్గరపడ్డాయనగా మా పడుగు పరిచే రోజు వచ్చింది. గంజి కాచి దింపాం. పడమటి వైపు మబ్బు పట్టి ఉంది. వీధంతా కుంచెలు పట్టుకుని నిలబడింది. ఎదురింటి మామ అరిచాడు.

"ఏం పాపా, పరచమంటావా, వద్దంటావా?"

అందరూ నా వైపు తిరిగారు. నాయన కూడా.

"నాకు తెలీదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పడబోయేది మాకు తెలీదు మామా. పడినాక కొలిచేదే మా పని."

"పడినాక మా బర్రె గూడ చెప్తుంది గదప్పా!"

వీధి వీధంతా నవ్వింది. నాయన నవ్వలేదు. మబ్బు వైపు ఒకసారి చూసి, "పరచండి" అన్నాడు. గంజి పట్టించేటప్పుడు నా పక్కకు వచ్చి, తల ఎత్తకుండానే, "రేపటి నుంచి పోవద్దులే. రంగుల జట్టులో చేరు" అన్నాడు.

 పోగులు దువ్వుతూ ఉన్నాను. కుంచె వరస తప్పుతోంది. అవ్వ రెండుసార్లు కసిరింది.

సగం కూడా ఆరకముందే వాన వచ్చింది. "చుట్టండి, చుట్టండి" అని కేకలు. పడుగు కట్టిన గుంజల దగ్గర ముడులు త్వరగా ఊడలేదు. మేం పడుగును అరుగు మీదికి చేర్చేసరికి వాన ఆగిపోయింది. వచ్చింది మమ్మల్ని చూసి పోవడానికే అన్నట్టు. ఒక చివర పోగులు ముద్దగా అంటుకుపోయాయి.

ఇక తగవు మొదలైంది.

"భోరున కురిస్తే ఎవరేం చేస్తారు?" అన్నాడు మామ.

"నాలుగు చినుకులు! మీ చేతులు ఆడక మా పడుగు పోయింది" అంది అవ్వ.

"నాలుగు చినుకులకే నేను ఇట్లా తడిసినానా అత్తా?"

"ఆడ నిలబడి మబ్బు చూస్తాంటివి గదా, తడవక ఏం చేస్తావు?"

నాయన ముద్దైన పోగులను ఒక్కొక్కటిగా విడదీస్తున్నాడు. నేనూ కూర్చున్నాను గానీ నా కళ్లు వీధి చివరికే పోతున్నాయి. ఎండ వస్తే పాత్రలో ఉన్నది తగ్గుతుంది. చేరినప్పటి నుంచి పడిన మొదటి వాన. నాయన పోవద్దన్నది రేపటి నుంచి గదా అనుకుంటూనే పోగులు విడదీశాను.

"ఇంగా ఈడనే కూర్చున్నావేమి?" అన్నాడు నాయన, మామ వినేటట్టు. "ఎనిమిదవుతాంది. పో. ఎంత పడిందో చూసి రా. వీళ్లు సాయంత్రం దాకా కొట్లాడతారు."

గంజి చేతులతోనే పరుగెత్తాను. గాజు గొట్టంలోకి నీళ్లు వంచేటప్పుడు ఒక్క చుక్క కింద పోకూడదని ఊపిరి బిగబట్టాను. పన్నెండు సెంట్లు. అంటే అంగుళాన్ని నూరు భాగాలు చేస్తే అందులో పన్నెండు. పట్టికలో అన్ని సున్నాల కింద ఆ అంకె రాస్తే అది నా చేతిరాతలా అనిపించలేదు.

సాయంత్రం నాయనకు చెప్పాను. నూరు భాగాల లెక్క ఆయనకు పట్టలేదు. మగ్గం మీది గుడ్డపై బొటనవేలు ఆనించి ఆలోచించాడు.

"అంగుళానికి నేను అరవై పోగులు వేస్తా. అట్లయితే నీ వాన ఎన్ని పోగులు?"

మనసులో గుణించాను. "ఏడు పోగులు, నాయనా. కొంచెం ఎక్కువ."

"ఏడు పోగులా!" ఆయన గుడ్డ అంచున ఏడు పోగులు లెక్కపెట్టి గోరుతో గీటు పెట్టాడు. ఆ ఏడు పోగులు కలిసి గోరంత వెడల్పు కూడా లేవు. "ఇంతదానికేనా ఇంత పని?" లేచి వీధిలోకి పోయి మామను కేకేశాడు. "ఏమప్పా! నీ భోరు వాన ఏడే ఏడు పోగులంట!"

"నేను చెప్పలేదా?" అంది అవ్వ లోపలినుంచి.

మర్నాడు నేను ఎనిమిదింటి పనికి పోవాలా వద్దా అని గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతూంటే, నాయన గుంటలోంచి తల ఎత్తకుండా, "పొద్దు పోతాంది మ్మే, పో" అన్నాడు.

సెలవులకు ముందు టీచరమ్మ అడిగితే జట్టు మారనని చెప్పాను. పక్క గదిలో గంట మోగుతూనే ఉంది. అది మోగినప్పుడల్లా నా చెయ్యి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది. కానీ మబ్బు తునక లేని పొద్దున కూడా, సున్నా అని ముందే తెలిసీ, నేను వడివడిగానే నడుస్తాను. ఇంటికి రాగానే నాయన మగ్గం ఆపి అడుగుతాడు, ఈ పొద్దు ఎన్ని పోగులని.